తాత్కాలిక వీసాలును, మన యువజనులును
(ఓరుగల్లు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

విదేశమున స్థిరనివాసముకొఱకు దరఖాస్తు పెట్టుకొని, ఫలితము తేలువఱకు తాత్కాలిక వీసాలపై కాలము గడపు మన యువజనులను గుఱించి మాటలాడవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము నియమించిరి. సంస్కృతము చెప్పుకొని వయసు గడపిన మాకీ విషయమున నధికారమేమని మిత్రులు కొందఱు నవ్విరి. వారి నవ్వు న్యాయమే. కాని కొన్ని సంవత్సరములుగా మా యింటి యఱుగుమీదికి వచ్చువారు అమరకోశముకొఱకు వచ్చుట లేదు. ఆంగ్లమున నున్న యొక కాగితము చేతబట్టుకొని, "సారూ! మావాడు పంపినాడు, దీనిలో నేమున్నదో చదివి చెప్పుడు" అని తల్లిదండ్రులు వచ్చుచున్నారు. కాగితమును అక్షరము విడువక చదువుట మా వృత్తి. అట్లు చదువగా తెలిసినదే యిచట విన్నవింతుము.

మన కులమునకు వలస క్రొత్త గాదు. మగ్గపు గుంటలో కూర్చుండినవాడు కదలడని లోకులందురు గాని, సోలాపురము, భీవండి, సూరతు, బొంబాయి నగరములయందు మన తెలుగుమాట తరతరములుగా వినవచ్చుచునే యున్నది. బొంబాయిలోని కామాఠిపురమునకు ఆ పేరు నైజామునుండి పోయిన తెలుగు కామాఠీలవలననే వచ్చినది. ఇచ్చటనే 1934లో ఆజంజాహి మిల్లు వెలసినపుడు కొందఱు నిలిచిరి. మిల్లు మూతపడగా మఱల కదలిరి. సోలాపురము పోయిన మన తాతలకు వలసినది రైలు టిక్కెట్టొక్కటియే. ఎన్నాళ్లుందువని వారినడిగినవాడు లేడు. మగ్గము ఆడినన్నాళ్లుండిరి, పెండ్లిండ్లు చేసిరి, ఇండ్లు కట్టిరి.

1959లో మన నగరమున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల స్థాపింపబడినది. అదియే 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది. ఆ తరమునుండి వలస దిక్కు మాఱినది. అమెరికాలో 1965నాటి శాసనము, ఆస్ట్రేలియాలో శ్వేతజాతి విధానము 1973లో పూర్తిగా తొలగుట, ఈ రెండును ద్వారములు తెఱచినవి. ఆస్ట్రేలియావారి ప్రాతపద్ధతి నొకదానిని ఉపాధ్యాయులము గనుక చెప్పక యుండలేము. 1901నాటి చట్టముచొప్పున వలసవచ్చినవానికి ఏబది మాటల శ్రుతలేఖనము పెట్టెడివారు. అదియు ఏ ఐరోపాభాషలోనైనను పెట్టవచ్చును! ఆంగ్లము బాగుగ నెఱిగినవానిని నెట్టివేయదలచినచో మఱియొక భాష చేకొనెడివారు. 1934లో ఎగాన్ కిష్ అను గ్రంథకర్తకు స్కాట్లండు గేలిక్ భాషలో చెప్పి తప్పించిరి. ఇట్టి పరీక్షకుడు మా పాఠశాలలో నుండినచో తనిఖీదారుడు ఊరుకొనియుండడు. ఆ పరీక్ష 1958లో పోయినది.

ఇక ప్రస్తుతమునకు వత్తము. పిల్లనడుగుట వేఱు, పెండ్లియగుట వేఱు; ఇది మనలో నందఱికి తెలిసినదే. స్థిరనివాసపు దరఖాస్తు పిల్లనడుగుట వంటిది. ఆ లోపల ఆ యూర నుండుటకు ఎవరి చావడిలోనో పడుకొనవలెను గదా. తాత్కాలిక వీసా ఆ చావడి. చావడికి దాని గడువు దానికి, దాని కట్టుబాట్లు దానికి కలవు. పిల్లనడిగితిని గావున చావడి నాదే యని యెవడైన ననినచో నవ్వుదుము. కాని "మావాని ఫైలు లోపల పడినది, ఇక భయము లేద"ని మనలో ఎందఱో తల్లిదండ్రులు చెప్పుకొనుచున్నారు. ఈ యొక్క మాట వలన ఎన్ని కొంపలు అప్పుల పాలగుచున్నవో మేము చూచుచున్నాము.

ఆస్ట్రేలియా విషయము కొంచెము విపులముగ చెప్పుదుము, ఏలయన అచ్చటి మెట్లు ఎక్కువ, పొరపాటునకు తావును ఎక్కువ. అచ్చట 2012 జూలై నుండి స్కిల్‌సెలెక్టు అను పద్ధతి నడచుచున్నది. వృత్తికౌశలముచే స్థిరనివాసము కోరువాడు మొదట ఆసక్తిప్రకటన సమర్పింపవలెను. వయసునకు, ఆంగ్లమునకు, చదువునకు, అనుభవమునకు మార్కులు వేయుదురు. 65 మార్కులు కనీసము. ఆహ్వానములు మాత్రము ఎక్కువ మార్కులవారికే ముందుగా పోవును. ఆహ్వానము వచ్చిన పిమ్మట 60 దినములలో అసలు దరఖాస్తు పెట్టవలెను. అనగా ఆసక్తిప్రకటన దరఖాస్తే కాదు. దాని వలన దేశమున నొక్క దినమైన నుండు హక్కు రాదు.

వయసు మార్కుల సంగతి వినుడు. 25 మొదలు 32 ఏండ్లవఱకు 30 మార్కులు. 33 ఏండ్లు నిండిన దినమున 25 అగును. నలుబది నిండినచో 15. నలుబదియైదు నిండినవానికి ఆహ్వానమే లేదు. కూర్చుండి నిరీక్షించుచుండగనే మార్కులు తఱిగిపోవు పరీక్షను మా యుపాధ్యాయజీవితమున నెన్నడును చూచి యెఱుగము. అది యట్లుండగా, 2019 నవంబరు నుండి అవివాహితునకు 10 మార్కులు ఇచ్చుచున్నారు. వివాహితుని భార్య తగిన వృత్తియు, వయసును, ఆంగ్లమును కలదైనచో ఆ పదియు వచ్చును. ఆంగ్లము మాత్రమే యున్నచో 5. అదియు లేనిచో సున్న. ఆహ్వానము రాకమునుపే "వానికి ముప్పది దాటినది, ఈ శ్రావణములో కానిచ్చెద"మని తొందరపెట్టు పెద్దలు ఈ లెక్క యెఱుగరు. పెండ్లి మానుమని మేమనము. లెక్క తెలిసి చేయుడందుము.

మన కొత్తవాడలో జంపఖానలు నేయు ఇంటి పిల్లవాడొకడు మా యొద్ద చదివినవాడు, మెల్‌బోర్నున ఎం.ఎస్. ముగించి, పట్టభద్రులకిచ్చు తాత్కాలిక వీసాపై అచ్చటనే ఉద్యోగము చేయుచుండెను. ఫైలు లోపల పడినదని ఏజెంటు చెప్పగా వాడు నమ్మెను. తండ్రి ఆ నమ్మకముమీద నూటికి రెండు రూపాయల మిత్తికి మఱికొంత తెచ్చి యిల్లు విస్తరింప మొదలిడెను. వీసా గడువు మూడు వారములున్నదనగా తెలిసినదేమనగా, ఆ ఫైలు వట్టి ఆసక్తిప్రకటన. ఆహ్వానము రాలేదు. మునుపటివలె మఱల విద్యార్థివీసాకు మాఱుదమన్నచో, 2024 జూలై 1 నుండి ఆ పట్టభద్రవీసా కలవారును, సందర్శకవీసా కలవారును ఆ దేశముననుండి విద్యార్థివీసాకు దరఖాస్తు పెట్టరాదని నియమము చేసిరి. ఏజెంటు అప్పుడొక యుపాయము చెప్పెను: "ఏదో యొక దరఖాస్తు పెట్టి కూర్చుండుము, తేలువఱకు నుండవచ్చు"నని. పిల్లవాడు మాకు ఫోను చేసి, "సారూ! ఇది న్యాయమేనా?" అని యడిగెను. గెలువదని తెలిసిన దరఖాస్తును కాలము గడపుటకై పెట్టినచో, తిరస్కారము వాని పేర నిలుచును; రేపటి నిజమైన దరఖాస్తులో ప్రతిసారియు దానిని చెప్పవలసియుండును. మేము రమ్మంటిమి. వాడు గడువునకు నాలుగు దినములు ముందుగా వచ్చెను.

వాడు వచ్చిన దినమున ఆ యింట శోకమే. వీథివారు పరామర్శకు వచ్చినట్లు వచ్చిరి. అప్పుడు మేము కాగితము తీసి చదివి చెప్పినదేమనగా, దేశము విడిచినంత మాత్రమున ఆసక్తిప్రకటన రద్దు కాదు, రెండేండ్లవఱకు నిలిచియుండును, ఇచ్చటనుండియు ఆహ్వానము రావచ్చును. గడువు మీఱి యుండలేదు గావున వాని చరిత్ర నిష్కళంకము. ప్రస్తుతము వాడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. ఆహ్వానము ఇంకను రాలేదు. వచ్చునని మేము చెప్పజాలము.

ఆహ్వానము వచ్చి, అచ్చట నుండియే గడువులోపల అసలు దరఖాస్తు పెట్టినవానికి వారధివీసా యని యొకటి యిత్తురు; వారు బ్రిడ్జింగు వీసా యందురు. చేతిలోని వీసా గడువు తీరినపుడు అది అమలులోనికి వచ్చును, తీర్పు తేలువఱకు ధర్మబద్ధముగ నుండనిచ్చును. ఇది మంచి యేర్పాటు, అందులో సందేహము లేదు. కాని దానిలో 'ఎ' యనియు 'బి' యనియు భేదము కలదు. 'ఎ' తరగతిపై నున్నవాడు దేశము విడిచినచో ఆ వీసా అంతటితో నశించును. పోయి మఱల రాదలచినవాడు ముందుగా, అచ్చట నుండగనే, కారణము చూపి 'బి' తరగతి పొందవలెను. ఒక యింట తండ్రి హఠాత్తుగా కాలముచేసెను. ఏకైకపుత్రుడు. "తలకొఱివికి రాడా?" యని బంధువులు గంటగంటకు ఫోనులు. వాడు దుఃఖమున విమానమెక్కి వచ్చెను. కర్మ చేసెను. పదునాలుగవ నాడు తిరుగు ప్రయాణమునకు కాగితములు చూడగా 'ఎ' తరగతి. దరఖాస్తు బ్రతికియే యున్నది. వాడు తిరిగి పోవుటకు మాత్రము దారి లేదు. వేఱొక వీసాకై ఐదు మాసములు ఇచ్చట వేచెను. ఉద్యోగము పోయెను.

ఈ విషయమున మా యభిప్రాయము కొందఱికి రుచింపకపోవచ్చును. కొడుకు అందనపుడు సపిండులచేత కర్మ చేయించుట ధర్మశాస్త్రమునకు సమ్మతమే. తమ్ముడు చేయవచ్చును, దాయాది చేయవచ్చును. రాలేని పిల్లవానిని రాలేదని దూషించుటకు శాస్త్రమున నాధారము లేదు. వచ్చినచో రెండు దినములాగి 'బి' తరగతి తీసికొని రమ్ము, దశాహము లోపల చేరుదువు, అని చెప్పు పెద్ద యొక్కడు ఆ ఫోనుల నడుమ నుండవలసినది.

సందర్శకవీసా మాట రెండు ముక్కలలో ముగింతుము. దానిపై ఉద్యోగము చేయరాదు. దానిపై 8503 అను అంకె యున్నచో, సాధారణముగ అచ్చట నుండి మఱియొక దీర్ఘవీసా కోరుటకే వీలులేదు. మనుమని చూడబోవు తాతయవ్వలు ఆ యంకెను మొదట చూచుకొనవలెను.

అమెరికా కథ వేఱు. అచ్చటి చట్టము 214(బి) అను విధిచే, వచ్చు ప్రతివాడును స్థిరపడుటకే వచ్చుచున్నాడని ముందుగా నూహించి, కాదని నిరూపించు భారము వానిమీదనే పెట్టును. విద్యార్థి, సందర్శకుడు ఈ విధికి లోబడినవారు. హెచ్‌-1బి వీసావానికి మాత్రము తాత్కాలికముగ నుండుచునే స్థిరనివాసము కోరుటకు చట్టము సమ్మతించినది. ఏటికి 65,000, అచ్చటి ఉన్నతపట్టము కలవారికి మఱి 20,000 అను పరిమితితో ఇత్తురు. కాలము ఆఱేండ్లు. ఉద్యోగముమీద ఇచ్చు గ్రీన్‌కార్డులు ఏటికి సుమారు 1,40,000. వానిలో ఏ యొక్క దేశమువారికిని సాధారణముగ నూటికి 7 పాళ్లకు మించి రావు. చిన్నదేశమునకును మన దేశమునకును ఒకే కొలత! అందుచే మనవారి వరుస పెరిగి పెరిగి, ఆఱేండ్లు చాలక, 2000 సంవత్సరమున శాసనము చేసి, కొన్ని మెట్లు దాటినవారికి పొడిగింపులిచ్చుచు వచ్చిరి. తాత్కాలికమను మాటకు ఇరువదియేండ్లు అర్థము చెప్పు నిఘంటువు అదొక్కటియే.

ఆ పొడిగింపులమీద ఇండ్లు కొనిరి, పిల్లలను పెంచిరి. ఉద్యోగము పోయినచో మాత్రము, 2017 నుండి అమలులోనున్న నియమముచే, 60 దినములో, ఉన్న గడువో, ఏది ముందైన నంతవఱకే. ఇచ్చటినుండి తీసికొనిపోయిన బిడ్డకు 21 ఏండ్లు నిండినచో తల్లిదండ్రుల వీసానీడ తొలగును. 2002నాటి శాసనము ఆ వయసు లెక్కలో కొంత సడలింపు చేసెను గాని అందఱిని కాపాడలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రమున ఓలేత్ నగరమునందు మన తెలుగు ఇంజనీరు జాతిద్వేషమునకు బలియైనపుడు, ఆతని భార్య యొక్కదినముననే భర్తను, ఆ దేశమున నుండు హక్కును కోల్పోయెను. ఆమె వీసా భర్త వీసాపై నాధారపడియున్నది గనుక. ఒక ప్రజాప్రతినిధి పూనికతో తాత్కాలికానుమతి లభించినది. అందఱికిని అట్టి ప్రతినిధి దొరకడు. మఱియు 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుని ప్రకటనచే క్రొత్త హెచ్‌-1బి అర్జీకి లక్ష డాలర్ల రుసుము విధించిరి. ఇదివరకే వీసా కలవారికది వర్తింపదని మఱునాడు వివరించులోపల ఎన్ని కుటుంబములు సెలవులు వదలి విమానాశ్రయములకు పరువెత్తెనో పత్రికలలో చదివితిరి.

నిరీక్షణ దుర్భరమైనపుడు అడ్డదారి చూపువాడు ఆప్తునివలె కనబడును. 2011లో కాలిఫోర్నియాయందలి ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము కథ మఱవరాదు. విద్యార్థులలో అత్యధికులు మన ఆంధ్రప్రదేశమువారే. కొందఱి కాళ్లకు జాడతెలుపు యంత్రములు కట్టిరి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టను. అచ్చట గురువులు లేరు, తరగతులు లేవు. ఆ విశ్వవిద్యాలయమును స్థాపించినది ఆ దేశపు అధికారులే, వలపన్నుటకు. వందకు మించిన విద్యార్థులు పట్టుబడిరి, పెక్కురు తెలుగువారు. అధికారులు ఇట్టి వల పన్నుట ధర్మమా యని మేమును ప్రశ్నింతుము. కాని పాఠము చెప్పని చోటికి రుసుము కట్టుచున్నామని కట్టువానికి తెలియదా? వీసా నిలుపుకొనుటకే చదువు పేరు పెట్టుకొన్నవాడు చదువును, వీసాను రెంటిని పోగొట్టుకొనెను.

అచ్చటి నియమములను మనము మార్చజాలము. ఇచ్చటి మన యిండ్ల నియమములు మన చేతిలోనివే. అసలు మా మనవి వీనిని గుఱించియే. మన వధూవరుల పట్టికలలో 'అమెరికా వరుడు', 'పి.ఆర్. వరుడు' అని యుండును. విచారింపగా పి.ఆర్. ఇంకను ఆసక్తిప్రకటన దశలోనే యుండును. ఎం.టెక్. చదివిన పిల్లను హెచ్‌-4పై పంపుదురు. భర్త గ్రీన్‌కార్డు అర్జీ కొంతమెట్టు దాటినగాని ఆమె ఉద్యోగము చేయరాదని, ఆ యనుమతియు 2015 నుండి మాత్రమే యున్నదని పెండ్లినాడు చెప్పినవారుండరు. కట్నమునకు వీసా తరగతినిబట్టి రేటు కట్టుట మన మహర్షిసంతతికి తలవంపు. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొనుటను మేము తప్పుపట్టము. మేమును మనుమనికొఱకు చేసితిమి. మార్కండేయునికి పదాఱేండ్ల గడువును తొలగించినవాడు ఈశ్వరుడు. వీసా కచ్చేరి గుమాస్తా ఈశ్వరుడు గాడు.

తిరిగివచ్చిన పిల్లవానిని చూచు చూపు మాఱవలెను. సోలాపురమునుండి మగ్గము అమ్ముకొని వచ్చినవానిని మన తాతలు పతితుడనలేదు. మఱియొక గుంట త్రవ్వి యిచ్చిరి. గడువునకు లోబడి వచ్చినవాడు దోషి గాడు. వీథివారి మాటకు వెఱచి, గడువు మీఱి, పేరు చాటున బ్రతుకువాని తల్లిదండ్రులను మేమెఱుగుదుము. ఆ కొడుకు చెల్లెలి పెండ్లికి రాలేదు. ఇక రాడు కూడ.

కావున సభవారి పరిశీలనకు మూడు సూచనలు చేయుచున్నాము. మన సంఘపు వధూవరుల దరఖాస్తు కాగితమున 'విదేశము' అను గడి తీసివైచి, వీసా అసలు పేరు, గడువు తేదీ, ఉద్యోగానుమతి, స్థిరనివాసపు దరఖాస్తు ఏ మెట్టుననున్నది యను నాలుగు గడులు ముద్రింపవలెను. వరునివారు సంతకము చేయవలెను. విద్యానిధిలో కొంతభాగము తిరిగివచ్చువారి ప్రయాణవ్యయమునకును, ఉద్యోగము దొరకువఱకు మిత్తి కట్టుటకును ప్రత్యేకింపవలెను. ఇది దానము గాదు, ఋణము. మిత్తి మాత్రము లేదు. మూడవది మా చేతిలోనిదే. విద్యార్థివసతిగృహమున ప్రతి యాదివారము ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండువఱకు మేమును, కళాశాలలో పనిచేసి విరమించిన మిత్రులిద్దఱును కూర్చుందుము. మేము న్యాయవాదులము గాము; వలససలహా యిచ్చుటకు ఆయా దేశములయందు అధికారము పొందినవారు వేఱుగ నున్నారు, ఆస్ట్రేలియాలో వారికి నమోదుసంఖ్య యుండును; ఏజెంటును మొదట ఆ సంఖ్య యడుగుడు. మేము చేయునది కాగితము చదువుట యొక్కటియే. అమెరికానుండి వచ్చు కాగితములలో వీసాముద్రపై తేదీ వేఱు, ఐ-94పై తేదీ వేఱు. ఉండుటకు ప్రమాణము రెండవది. ఆస్ట్రేలియా వీసా షరతులను పిల్లలు వీవో అను ప్రభుత్వపుటలో తామే చూచి అచ్చుతీసి పంపవచ్చును.

వచ్చువారు కాగితమును పూర్తిగా అచ్చువేయించి తెండు. ఫోనులో తీసిన ఛాయాచిత్రమున అడుగుపంక్తులు తఱచుగ తెగిపోవుచున్నవి. గడువు తేదీయు, షరతుల అంకెలును మాకు కనబడక రెండు పర్యాయములు జనులను వట్టిచేతులతో త్రిప్పి పంపవలసివచ్చినది.